లావుగా ఉన్నా చక్కెర పడిపోతుంది



బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పేరు మోర్తాడ్‌లో అందరికీ ఎరుకే. అది 2015లో మూతపడింది. కానీ ప్రతి మనిషి ఒంట్లో ఒక చక్కెర గోదాము ఉంది. అదే కార్జం. తిన్న బువ్వ, రొట్టె చక్కెరగా మారి నెత్తురులో కలుస్తుంది. అందులో కొంత కార్జంలో నిలువ ఉంటుంది.

మెదడుకు చక్కెరే ముఖ్యమైన తిండి. నెత్తురు పరీక్షలో చక్కెర 70 కంటే తగ్గితే ఒళ్ళు ఊరుకోదు. ముందు ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది. తర్వాత గ్లూకగాన్, అడ్రినలిన్ అనే రసాలను వదులుతుంది. అవి కార్జంలోని చక్కెరను బయటికి తెస్తాయి. అప్పుడే చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. ఆకలి అవుతుంది. ఇవి ఒళ్ళు చేసే హెచ్చరికలు.

"ఆమె లావుగ ఉంది, ఒక పూట తినకుంటే ఏమైతది?" అంటారు కొందరు. ఆ మాట తప్పు. ఒంట్లో కొవ్వు ఎంత ఉన్నా అది గబగబా చక్కెరగా మారదు.

షుగర్ బీమారి లేని మనిషికి పూట తప్పినా కార్జం ఆదుకుంటుంది. ఇన్సులిన్ సూది, కొన్ని రకాల షుగర్ గోలీలు వాడే వాళ్ల సంగతి వేరు. మందు లోపల పనిచేస్తూనే ఉంటుంది. బువ్వ పడకపోతే చక్కెర దిగిపోతుంది. పొద్దున గోలీ వేసుకుంటుంది ఒక అక్క. తునికాకు ముందర పెట్టుకొని కూర్చుంటుంది. వెయ్యి బీడీలు అయ్యేదాక లేవదు. ఇంకో అక్క శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.

అట్లా అయితే ఏం చేయాలె?

మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగాలె. 15 నిమిషాలు చూడాలె. తగ్గకుంటే మళ్లీ తాగాలె. తేరుకున్నాక బువ్వ తినాలె. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలె.

లావు తగ్గించుకోవడం మంచిదే. కానీ బరువు తగ్గితే ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. పాత మోతాదు ఎక్కువైపోతుంది. అప్పుడు డాక్టరును అడిగి మార్చుకోవాలె. సొంతంగా మానొద్దు.

మాటిమాటికి చక్కెర పడిపోతే హెచ్చరికలు మొద్దుబారుతాయి. చెమట కూడా పట్టకుండానే మనిషి పడిపోవచ్చు. అందుకే దవాఖానలో ఇచ్చే కాగితం దాచి పెట్టుకోవాలె. అందులోని అంకెను, గోలీ పేరును ఎవరినీ అడగకుండా చదువుకోవాలె. నేర్చిన అక్షరం ప్రాణం కాపాడుతుంది.