యూదుల దినచర్యలో స్తోత్రవచనము



ఆశీర్వాదమనగానే పైనుండి మనమీదికి వచ్చునది మనకు స్ఫురించును. ఇల్లు కట్టుకొన్నను, బిడ్డకు ఉద్యోగము దొరికినను ఆశీర్వాదము పొందితిమందుము. యూదులకును అట్టి ఆశీర్వాదము కలదు. శుక్రవారము సాయంకాలము తలిదండ్రులు బిడ్డల తలలపై చేతులుంచి, కుమారులను ఎఫ్రాయిము మనష్షేలవలెను, కుమార్తెలను శారా, రిబ్కా, రాహేలు, లేయాలవలెను చేయుమని దేవుని వేడుకొందురు. అయితే వారు దినమంతయు పలుకు "బెరాఖా" చాలమట్టుకు క్రిందనుండి పైకి పోవునది. దానిలో దేవుడే స్తుతినొందును.

రొట్టె విరుచునప్పుడు, భూమినుండి రొట్టెను పుట్టించువాడని దేవుని స్తుతింతురు. చెట్టుపండుకు ఒక మాట, నేలపంటకు ఒక మాట, ద్రాక్షారసమునకు మరియొకటి. ఉరుము విన్నను, ఇంద్రధనుస్సు చూచినను స్తోత్రమున్నది. మరుగుదొడ్డికి పోయివచ్చి చేతులు కడుగుకొనిన తరువాత కూడ, శరీరములోని నాళములను రంధ్రములను జ్ఞానముతో నిర్మించినందుకు స్తుతింతురు. నవ్వవలసిన పని లేదు. వాటిలో ఒకటి మూసికొనిపోయి ఆసుపత్రిలో పడియున్నవారిని అడుగుడి! దినమునకు 100 స్తోత్రములు చెప్పవలెనని రబ్బీ మేయీరు బోధించెను. స్తోత్రము చెప్పక ఈ లోకములో దేని ననుభవించినను దేవుని సొత్తు దొంగిలించినట్లేనని తల్మూదు చెప్పుచున్నది.

మత్తయి 26:26లో ప్రభువు రొట్టెను ఆశీర్వదించెనని మన తెలుగు బైబిలులో చదువుచున్నాము. గ్రీకులో "ఆశీర్వదించి" అని మాత్రమే యున్నది, దేనినో చెప్పలేదు. లూకా 22:19లో కృతజ్ఞతాస్తుతులు చెల్లించెనని యున్నది. మాటలు రెండైనను యూదుల బల్లయొద్ద జరుగు పని ఒక్కటే.

క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాలో మొదటి గ్రంథము పేరే "బెరాఖోత్". మేలు కలిగినప్పుడు స్తుతించినట్లే కీడు కలిగినప్పుడును స్తుతింపవలెనని అందున్నది. మనకు మిక్కిలి కష్టమైన మాట యిది. అయితే గమనించుడి, రెంటికి మాటలు వేరు. శుభవార్త విన్నవాడు దేవుడు మంచివాడు, మేలుచేయువాడని స్తుతించును. మరణవార్త విన్నవాడు ఆయన సత్యమైన న్యాయాధిపతియని స్తుతించును. కీడును మేలని పిలువుమని అతని నెవరును అడుగరు. మనలోనైతే, బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లితో "అంతా మన మేలుకేనమ్మా" అని తొందరపడి చెప్పువారున్నారు. ఆ తల్లి నోట ఆ మాట పలికించు హక్కు మనకెక్కడిది?

వ్యర్థప్రార్థన ఎట్టిదో కూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. భార్య గర్భవతియైన పిమ్మట మగబిడ్డ కావలెనని అడుగుట ఒకటి. ఊరిలోనికి వచ్చుచు కేకలు విని, అది నా యింట కాకుండునుగాక అనుట మరియొకటి. జరిగిపోయిన దానిని గూర్చి మొరపెట్టుట వ్యర్థమని దాని భావము. పైగా మన యిల్లు కాకున్న అది పొరుగువాని యిల్లే గదా!

ఒకరు స్తోత్రము చెప్పగా విన్నవారు ఆమేన్ అనవలెను. ప్రాచీన అలెక్సంద్రియలోని సమాజమందిరము బహు విశాలమైనదట. చివరనున్నవారికి స్వరము వినబడదు. గనుక నడుమ కొయ్యవేదికపై పరిచారకుడు గుడ్డ పట్టుకొని నిలుచుండి, స్తోత్రము ముగియగానే దానిని ఊపెడివాడు. అది చూచి జనులందరు ఆమేన్ అనెడివారని తల్మూదులో నున్నది.