మా అత్త రాగం

పట్టాలు పుచ్చుకున్న పిల్లలకు, ఫీజులు కట్టి వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులకు అభినందనలు. మర్యాదలు అయిపోయాయి. ఎండ ముదరకముందే అసలు మాటకొస్తాను.

నేను తెలుగు క్రైస్తవ కీర్తనల మీద పరిశోధన చేశాను. అంశం పట్టుకుపోతే తెలుగు శాఖ వాళ్లు "ఇది సంగీతం కదా" అన్నారు. సంగీత శాఖ వాళ్లు "ఇది మతం కదా" అన్నారు. చివరికి ఒక పెద్దాయన "ఏదైతే ఏంది, ముందు రాయి" అని సంతకం పెట్టారు. అలాంటి సంతకం మీకూ ఒకటి దొరకాలి.

ఆ పరిశోధన నన్ను డోర్నకల్ తీసుకుపోయింది. డోర్నకల్ అనగానే మీకు రైలు మారే జంక్షనే గుర్తొస్తుంది. స్టేషన్ దాటి ఊళ్లోకి పోతే ఎపిఫనీ కెథెడ్రల్ ఉంది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని తలపిస్తాయి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దాన్ని కట్టించిన వి.ఎస్. అజరయ్య తమిళుడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు. ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు, ఆరాధనలో తెలుగు పాటకు పెద్దపీట వేశాడు.

ఆ పాటల పుస్తకం పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చూడండి. పల్లవి, చరణాలు, నెత్తిన రాగం పేరు, తాళం పేరు. ఆ పేర్లు పట్టుకొనే నేను చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. ఒక అవ్వ పాడింది. పుస్తకంలో ఆనందభైరవి, ఆది తాళం. అవ్వ నోట మాత్రం అది నాటు వేసేటప్పటి పాట నడక. పల్లవి చివర గొంతు కొంచెం కిందికి జార్చి, అరచేత్తో మోకాలి మీద ఒక దెబ్బ వేసి, ఊపిరి పీల్చుకొని చరణం అందుకునేది. "ఇది ఏ రాగం అవ్వా?" అంటే "మా అత్త రాగం బిడ్డా" అంది. నా సిద్ధాంత గ్రంథంలోని రాగాల పట్టికలో దానికి గడి లేదు.

రాతకు అందని వరస గోడు మన ఒక్కరిదే కాదు. ఆరో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో రోమనోస్ అనే కవి చర్చిలో పాడేందుకు పెద్ద పెద్ద కీర్తనలు కట్టాడు. సాహిత్యం మిగిలింది, ఆయన కట్టిన వరసలు పోయాయి. అక్కడి చర్చి పాట స్లావు దేశాలకు పోయినప్పుడు అక్షరాల మీద గుర్తులు పెట్టుకున్నారు. రష్యాలోని కొండకార్ అనే పాత కీర్తనల ప్రతుల్లో ఆ గుర్తులు చదవలేక పండితులు ఇప్పటికీ తల పట్టుకుంటున్నారు. అంతదూరం ఎందుకు, జనగామ పిల్లలకు పాలకుర్తి ఎంత దూరం? ఆ ఊరి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, ప్రభాత పదాలు అని జనం పాడుకునేవాటిని ఏకరువు పెట్టాడు. ఎట్లా పాడేవారో ఎవరిని అడుగుదాం?

ఇప్పుడు మిమ్మల్ని తిట్టాలి. మీ చేతిలో ఉన్న ఆ ఫోన్‌లో మీ నాయనమ్మ గొంతు ఒక్క నిమిషం ఉందా? నవ్వకండి, వెనక బెంచీ! పెళ్లి బరాత్‌లో డీజే మాత్రం గంటలకొద్దీ ఉంటుంది. చర్చిలో చూస్తే కీబోర్డు మీట నొక్కగానే ఏ పాటకైనా ఒకటే దరువు. నాకు కీబోర్డు మీద కోపం లేదు. ఉంది, కొంచెం. అవ్వ ఆగిన చోట అది ఆగదు.

భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లు కోయ పెద్దల దగ్గర, జనగామ వాళ్లు ఒగ్గు కథ చెప్పేవాళ్ల దగ్గర కూర్చోండి. ముందు అడిగి, ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. మధ్యలో "సూపర్ అవ్వా" అనకండి. దీనికి ఉద్యోగం వస్తుందా సార్ అంటారు. రాదు. బ్యాంకులో చేరినా ఆదివారం మీదే కదా.

వచ్చే ఆదివారం నేను డోర్నకల్ వైపే పోతున్నాను. మైకు పట్టుకొని కదలకుండా కూర్చునేవాళ్లు, పెట్టింది తిని వంకలు పెట్టనివాళ్లు ఇద్దరు కావాలి. రైలు లేటైతే ఏమీ అనను. మీరు లేటైతే ఊరుకోను.