ఒక విద్యార్థిని వ్యాసములు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



మన వీధులలోనే పెరిగిన బాలిక యొకతె ఇంగ్లీషు సాహిత్యమున ఎం.ఏ. చదువుచున్నది. సాహిత్యమున స్త్రీని గూర్చి మూడేండ్లుగా వ్రాసిన వ్యాసములను ఆమె మాకు చూపగా వరుసగా చదివితిమి. మొదటి నాలుగింటిని మెచ్చుకొనజాలము. వర్జీనియా వుల్ఫు 1928లో కేంబ్రిడ్జి మహిళా కళాశాలలలో చేసిన ప్రసంగములు మరుసటి యేట గ్రంథరూపము దాల్చినవి. వ్రాయదలచిన స్త్రీకి సొంత గదియు, ఏటికి 500 పౌనుల రాబడియు కావలెనని అందలి వాదము. ఆ మాటనే మన విద్యార్థిని నాలుగు విధముల త్రిప్పి వ్రాసినది. విమర్శకుల పేర్లు దండిగా గలవు. ఆమె మాత్రము ఎచ్చటను కానరాదు.

అయిదవ వ్యాసమున మార్పు కలిగినది. మన తంజావూరిలో కవిత్వము చెప్పిన ఆడవారు లేరా యని అమ్మమ్మ యొకనాడు అడిగినదట. వెదుకగా ముద్దుపళని దొరకినది. ఆమె ప్రతాపసింహుని (1739-63) ఆస్థానమున వెలసి "రాధికాసాంత్వనము" రచించిన కవయిత్రి. ఆ కావ్యమును బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో ప్రకటింపగా, అశ్లీలమని ప్రభుత్వము నిషేధించినది. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. స్త్రీవిద్యకై పాటుపడిన వీరేశలింగముగారే ఈ కావ్యమును దూషించిరన్నది మాకు నేటికిని మింగుడుపడని సంగతి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదా యని నాగరత్నమ్మ ఆయనను నిలదీసినది.

అయితే కావ్యము చేతికి వచ్చినను ఈ బాలిక చదువజాలదయ్యె. ఇంట తెలుగు మాటాడునే గాని అక్షరములు రావు. తమిళనాట 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యాంశముగా చేసిన చట్టము తరువాత మన పిల్లలలో ఇట్టివారెందరో మీరెరుగుదురు. అమ్మమ్మ యొద్ద అక్షరములు దిద్దుకొని, పద్యమునకొక సాయంకాలము చొప్పున చదివినది.

అప్పుడు వ్రాసిన మాట ఆమె సొంతము. ముద్దుపళనికి గదియు రాబడియు రెండును గలవు. వ్రాసినది, కీర్తిని పొందినది. నూటయేబది యేండ్లకు పిదప ఆ పుస్తకమును చంపజూచినవారు చదువరులే! కావున గదితోడనే పని తీరదు అని ఆమె వాదము. రాజు దయపై నిలిచిన భోగము సొంత రాబడి యెట్లగునని మేమంటిమి. ఆమె ఒప్పుకొనలేదు, గంటసేపు వాదించినది. మొదటి నాలుగు వ్యాసములు వ్రాసిన పిల్లయేనా ఈమె యనిపించినది.

ఒక్క కొరత గలదు. ఈ వ్యాసములన్నియు ఇంగ్లీషున నున్నవి. ప్రశ్న నడిగిన అమ్మమ్మకు ఆ భాష రాదు. ఈ మాట చెప్పగా, బాలిక పది దినములకు తెలుగున రెండు పుటలు వ్రాసి తెచ్చినది. ఒత్తులు తప్పినవి, దీర్ఘములు జారినవి. దిద్ది అచ్చు వేయవలెనా, ఉన్నది ఉన్నట్లు వేయవలెనా యని మాలో మాకింకను తెగలేదు. ఈలోగా ఆ పుటలను అమ్మమ్మకు చదివి వినిపించినారట. ముద్దుపళని పద్యములను ఇంకను కొన్ని చదువుమని ఆమె కోరినదట.