ఐ-20 ఇచ్చిన సంస్థ బాధ్యతలు

విదేశీ విద్యార్థిని చేర్చుకున్న అమెరికా విశ్వవిద్యాలయానికి రెండు పనులుంటాయి: చదువు చెప్పడం, ఆ విద్యార్థి సంగతులు ప్రభుత్వానికి తెలియజేయడం. పట్టా చేతికందగానే విమానం ఎక్కబోయే పట్టభద్రులు తెలుసుకోవలసింది రెండో పని గురించి.

విదేశీ విద్యార్థులను తీసుకోవాలంటే సంస్థకు హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ గుర్తింపు ఉండాలి. అప్పుడే విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం ఇవ్వగలదు. సంస్థ తరఫున ఈ వ్యవహారం చూసే అధికారి డీఎస్ఓ. 2003 నుంచి వివరాలన్నీ సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లోకి వెళుతున్నాయి. కోర్సు మొదలయ్యాక 30 రోజుల్లో విద్యార్థి చేరినదీ లేనిదీ నమోదు చేయాలి. అనుమతి లేకుండా క్రెడిట్లు తగ్గించుకున్నా, చదువు మానేసినా 21 రోజుల్లో తెలపాలి.

అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురయ్యేది చిరునామా. ఇల్లు మారిన 10 రోజుల్లో విద్యార్థి డీఎస్ఓకు చెప్పాలి. 21 రోజుల్లో సంస్థ సెవిస్‌లో మార్చాలి. మన పిల్లలు కొత్త గదిని వంటగట్టుతో సహా వీడియో కాల్‌లో అమ్మకు చూపిస్తారు. డీఎస్ఓకు ఒక్క మెయిల్ పెట్టడానికి మాత్రం తీరిక దొరకదు!

ఆ చిన్న చిరునామా గడి ఎంత పెద్దదో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. అక్కడి విద్యార్థుల్లో సగానికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డులకెక్కింది. 2011 జనవరిలో అధికారులు దాడి చేసి సంస్థను మూయించారు. అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఈలోగా వందల మంది తెలుగు విద్యార్థుల వీసా హోదా చిక్కుల్లో పడింది. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. ఆ సంస్థకూ ప్రభుత్వ గుర్తింపు ఉండేది.

చదువు ముగిశాక బాధ్యత కొంత యజమానికి చేరుతుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పట్టభద్రులకు అదనంగా దొరికే 24 నెలల ఓపీటీలో, అంటే చదివిన రంగంలో పనిచేస్తూ శిక్షణ పొందే గడువులో, ఉద్యోగమిచ్చే కంపెనీ ఐ-983 పత్రంలో శిక్షణ ప్రణాళికపై సంతకం చేయాలి. ఉద్యోగి మానేసినా, తొలగించినా 5 పనిదినాల్లో డీఎస్ఓకు తెలపాలి.

సంస్థ తప్పు చేసినా తొలి దెబ్బ విద్యార్థికే. అందుకే ఫీజు కట్టే ముందు గుర్తింపు ఒక్కటే చూసి ఊరుకోకుండా, తరగతులు నిజంగా జరుగుతున్నాయో లేదో సీనియర్లను అడగాలి. గది మారినప్పుడు మెయిల్ ముందు, ఫొటోలు తర్వాత.