ఎత్తు ఎక్కడి నుంచి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇందాక తెర మీద మన బడిని ఆకాశం నుంచి చూసి మీరు చప్పట్లు కొట్టారు. సంతోషం. కానీ నేను చెప్పబోయేది ఆ వీడియో గురించి కాదు, దానికి ముందు నేను చెడగొట్టుకున్న వీడియో గురించి. ఇప్పుడు మన పల్లెల్లో పెళ్లికీ, జాతరకీ డ్రోన్ ఎగురుతోంది. కాలేజీ పిల్లలు కూడా కొంటున్నారు. కురబలకోట చుట్టూ కొండలే కాబట్టి, ఈ సంగతి మనవాళ్లందరికీ తెలిసుండాలి.

పదో తరగతిలో లెక్కల అయ్యవారు ఎత్తులు, దూరాల పాఠం చెప్పేవారు. ఎవరైనా లేచి "40 మీటర్లు సార్" అంటే, "ఎక్కడి నుంచిరా?" అని అడిగేవారు. అది చెప్పలేకపోతే జవాబు సరైనదైనా సగం మార్కులే. అప్పట్లో మాకది అన్యాయంగా తోచేది. ఆ ప్రశ్న విలువ నాకు ఈ మధ్యే తెలిసింది.

ఈ ఉత్సవం కోసం మన కొండల్ని కూడా చూపిద్దామని ఒకరోజు పొద్దున్నే డ్రోన్ తీసుకుని హార్స్లీ హిల్స్ కింది పల్లెల వైపు వెళ్లాను. పొలం గట్టు మీద నుంచి ఎగరేశాను. నాది పాత డ్రోన్. ఎదురుగా అడ్డం ఉంటే కనిపెట్టే సెన్సార్లు దానికి లేవు. అది ఒక గుట్ట వెనక్కి పోయేసరికి సిగ్నల్ తెగిపోయింది. నేను కంగారు పడలేదు. సిగ్నల్ తెగితే దానంతట అదే తిరిగొచ్చే ఏర్పాటు ఉంటుంది. ముందు మనం పెట్టిన ఎత్తుకు లేచి, తర్వాత తిన్నగా బయల్దేరిన చోటికి వస్తుంది. నేను పెట్టిన ఎత్తు 40 మీటర్లు. మా పొలాల మీద ఎగరేసినప్పుడు పెట్టిందే, మార్చలేదు. ఆ గుట్ట, నేను నిలబడ్డ గట్టు కంటే 60 మీటర్ల పైనే ఉంది. డ్రోన్ చెప్పినట్టే చేసింది. 40 మీటర్లకు లేచి, తిన్నగా వచ్చి బండకు కొట్టుకుంది.

వెతుక్కుంటూ గుట్ట ఎక్కుతుంటే, మేకలు కాసే ఒక పెద్దావిడ విరిగిన ముక్కలు కొంగులో వేసుకుని ఎదురొచ్చింది. "ఏం నాయనా, ఇది నీదేనా? నేను కూచున్న చోటికి ఆరడుగుల దూరంలో పడింది. నెత్తిన పడుంటే ఎవరికి చెప్పుకోవాలి?" అంది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని అయ్యవారి ప్రశ్న వేసుకున్నాను. డ్రోన్‌కు ఎత్తు ఒకటి కాదు, మూడు.

మొదటిది సముద్ర మట్టం నుంచి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. హార్స్లీ హిల్స్ పైభాగం సుమారు 1,265 మీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. హార్స్లీ హిల్స్ మీద గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే పన్నెండు శాతం దాకా తక్కువ. రెక్కలు అంత ఎక్కువ తిరగాలి, బ్యాటరీ అంత తొందరగా తగ్గుతుంది. డ్రోన్ పెట్టె మీద 4,000 మీటర్లనో, 6,000 మీటర్లనో రాసి ఉండేది ఈ ఎత్తే. అది యంత్రం శక్తి, మనకిచ్చిన అనుమతి కాదు.

రెండోది బయల్దేరిన చోటి నుంచి. మన చేతిలోని తెర మీద కనిపించే అంకె మామూలుగా ఇదే. డ్రోన్ గాలి ఒత్తిడిని బట్టి లెక్కేసుకుంటుంది. దాని కింద గుట్ట ఉందో, లోయ ఉందో ఈ అంకెకు తెలియదు.

మూడోది సరిగ్గా దాని కిందున్న నేల నుంచి. చట్టం చూసేది దీన్నే. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్లు, అంటే 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే ఆ హద్దు 60 మీటర్లే. ఈ అంకెలు ఊరికే పెట్టలేదు. హెలికాప్టర్లు, చిన్న విమానాలు మామూలుగా నేలకు 500 అడుగుల కిందికి దిగకూడదు. వాటికీ డ్రోన్లకూ మధ్య మిగిలేది 100 అడుగుల సందు.

ఇప్పుడు నా తప్పును తిరగేసి చూడండి. హార్స్లీ హిల్స్ మీద గాలిబండ దగ్గర నిలబడి డ్రోన్‌ను తిన్నగా లోయ మీదికి పంపారనుకోండి. తెర మీద 20 మీటర్లు అనే ఉంటుంది. కింద నేల మాత్రం మూడు నాలుగు వందల మీటర్ల లోతుకు జారిపోయి ఉంటుంది. మీరు ఒక్క మీటరు కూడా పైకి లేపకుండానే హద్దు దాటేశారు. ఐరోపా దేశాల నియమాల్లో అందుకే 120 మీటర్లను దగ్గరున్న నేల నుంచి కొలవాలని విడమరిచి రాశారు.

పైగా ఆ బండకు గాలిబండ అని ఊరికే పేరు రాలేదు. గాలి తగిలే వాలున డ్రోన్‌ను పైకి నెడుతుంది, అవతలి వాలున కిందికి తొక్కుతుంది. పోయేటప్పుడు గాలివాలుగా హాయిగా పోతుంది, వచ్చేటప్పుడు ఎదురుగాలికి బ్యాటరీ చాలదు. ఆ కొండ అడవి కూడా. అటవీ శాఖను అడగకుండా ఎగరేయకూడదు. అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్టలు అక్కడున్నాయి. బండల మీద గూళ్లు కట్టే గద్దలు డ్రోన్‌ను శత్రువనుకుని మీద పడతాయి.

కొండల్లో డ్రోనే వద్దని నేననడం లేదు. 2018లో 8,051 మీటర్ల బ్రాడ్ పీక్ మీద తప్పిపోయిన రిక్ అలెన్ అనే పర్వతారోహకుడిని పోలండ్‌కు చెందిన బార్టెక్ బార్గీల్ డ్రోన్‌తోనే కనిపెట్టాడు. ఆయన ప్రాణం నిలిచింది. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల్లో చిక్కుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు అందించిందీ డ్రోన్లే. మన పిల్లలు ఈ విద్య నేర్చుకోవాలి. నేర్చుకునేటప్పుడు అయ్యవారి ప్రశ్నతో మొదలుపెట్టాలి.

తమ్ముళ్లూ, నేనిప్పుడు చేసేది చెబుతాను. ఎగరేసే ముందు మ్యాపులో జోన్ చూస్తాను. దారిలో అన్నిటికన్నా ఎత్తయిన గుట్ట ఏదో చూసి, తిరిగొచ్చే ఎత్తును దానికి పైన పెడతాను. అలా పెడితే 120 మీటర్లు దాటుతుందంటే, అక్కడి నుంచి ఎగరేయను, వేరే చోటు వెతుక్కుంటాను. డ్రోన్‌ను కంటి చూపు దాటనివ్వను. బ్యాటరీ సగం కాగానే వెనక్కి తిప్పుతాను. కింద మనుషులు, మేకలు, గొడ్లు ఉన్నాయేమో ముందే నడిచి చూసొస్తాను.

ఇందాక మీరు చూసిన వీడియో మన బడి మైదానం నుంచి, 60 మీటర్ల లోపు తీసింది. కొండలు అందులో దూరంగానే కనిపిస్తాయి. అయినా మన బడి కనబడింది, వేపచెట్టు కనబడింది, చాలు.

అయ్యవారూ, ఆనాడు మీరు కోసిన సగం మార్కులు న్యాయమే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.