మాయమైన మాట: మూలంలోనే మందు



ఈ హాలులో సాఫ్ట్‌వేర్ వాళ్లకు కొదవలేదు. తక్కినవారి ఇళ్లలోనూ ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. అందుకే మన వృత్తిలో చాలామంది చిన్నచూపు చూసే డాక్యుమెంటేషన్ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

జావాలో ప్రోగ్రామ్ రాసేవారు కోడ్‌లోనే కామెంట్ల రూపంలో వివరణ రాస్తారు. 1996లో తొలి జావా కిట్‌తోనే వచ్చిన జావాడాక్ అనే పనిముట్టు ఆ కామెంట్లను ఏరి వెబ్ పేజీలు తయారుచేస్తుంది. ఎంతో సౌకర్యం. కాని ఒక తిరకాసు ఉంది. జావాడాక్ ఆ కామెంట్‌ను హెచ్‌టీఎంఎల్‌గా తీసుకుంటుంది. అంచేత కోణపు బ్రాకెట్లలో మాట పెడితే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ అనుకుంటుంది. తెలియని ట్యాగ్ అయితే చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

2004లో జావా 5తో జెనెరిక్స్ వచ్చాక ఈ బెడద పెరిగింది. "ఈ మెథడ్ లిస్ట్<స్ట్రింగ్> ఇస్తుంది" అన్న అర్థంతో ఇంగ్లీషులో కామెంట్ రాస్తే, పేజీలో "లిస్ట్ ఇస్తుంది" అనే మిగులుతుంది. "అమౌంట్<లిమిట్, అమౌంట్>0" అన్న షరతు రాస్తే, నడుమనున్నదంతా ట్యాగ్ కింద పోయి "అమౌంట్0" అని కనిపిస్తుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు. ఇక్కడ రాసిన పేజీని హైదరాబాద్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చదువుతుంది. ఆమెకు పగలైతే మనకు రాత్రి; అడుగుదామంటే మనిషి దొరకడు. పేజీని నమ్మి ఉత్త లిస్ట్ వాడుతుంది. కంపైలర్ ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది. స్ట్రింగ్ ఉండాల్సిన చోట అంకె దూరుతుంది. ఆ తర్వాతెప్పుడో ప్రోగ్రామ్ నడుస్తుండగా కూలిపోతుంది. మాట పడేది ఆ అమ్మాయే.

మరి మందేమిటి? కొందరు తయారైన వెబ్ పేజీని తెరిచి అక్కడ దిద్దుతారు. మరుసటి బిల్డ్‌లో జావాడాక్ పేజీని మళ్లీ తయారుచేస్తుంది, దిద్దుబాటు తుడిచిపెట్టుకు పోతుంది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? కామెంట్‌లో తప్పుంటే పేజీలోనూ తప్పే. దిద్దవలసింది సోర్స్ ఫైల్‌లో.

దిద్దడమూ కష్టం కాదు. జావా 5తోనే "కోడ్" అనే జావాడాక్ ట్యాగ్ వచ్చింది. మీసాల బ్రాకెట్ తెరిచి, ఎట్ గుర్తుతో కోడ్ అని రాసి, మీ మాటలు పెట్టి, బ్రాకెట్ మూస్తే చాలు. లోపలి కోణపు గుర్తులు యథాతథంగా కనిపిస్తాయి. 2024లో వచ్చిన జావా 23లోనైతే కామెంట్లను మార్క్‌డౌన్‌లో కూడా రాయవచ్చు. అక్కడా కోడ్ ముక్కను బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టాలి.

ఒక్కచోట దిద్ది ఊరుకోకండి. ఆ ఫైళ్లన్నిటిలో అలాంటివి వెతకండి. 2014లో వచ్చిన జావా 8లో డాక్‌లింట్ అనే తనిఖీ చేరింది. తెలియని ట్యాగ్ కనబడితే అది తప్పని చెప్పి జావాడాక్‌ను ఆపేస్తుంది. పాత ప్రాజెక్టుల్లో ఒక్కసారిగా బోలెడు తప్పులు బయటపడేసరికి చాలామంది ఆ తనిఖీనే కట్టేశారు. కుక్క మొరుగుతోందని కుక్కను కట్టేస్తే దొంగ పోడు కదా! మీ బిల్డ్‌లో అది ఆగిపోయి ఉంటే మళ్లీ తెరవండి. చివరగా, తయారైన పేజీని బ్రౌజర్‌లో తెరిచి మీ కళ్లతో చదవండి. కోడ్ పరీక్షలన్నీ నెగ్గినా, మాయమైన మాటను అవి పట్టుకోలేవు.

యువ మిత్రులకు ఒక్క విన్నపం. కామెంట్‌లో చేసిన చిన్న దిద్దుబాటుకు ఎవరూ సన్మానం చేయరు. అయినా చేయండి. అది మీరు ఎన్నడూ చూడని మనిషికి చేసే ఉపకారం.