మూలమున్న చోటనే టీక

ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములనగా, తమ సోర్స్ కోడును ఎవరైనను చదువుటకును, దిద్దుటకును, పదుగురికి పంచుటకును అనుమతించు కంప్యూటరు ప్రోగ్రాములు. వానిని వ్రాయువారు తరచుగా వేర్వేరు దేశములవారు. ఒకరి ముఖమొకరు చూచి యుండరు. వారికిని, వాడుకొనువారికిని నడుమ వారధి వివరణ గ్రంథమే. దాని నెచ్చట నుంచవలెను?

మూలమున్న చోటనే యుంచవలెనని నా యభిప్రాయము. లినక్స్ కెర్నెల్‌ను చూడుడు. దాని సోర్స్ కోడు నడుమనే 'డాక్యుమెంటేషన్' అను ఫోల్డరు గలదు. ప్రోగ్రాము నడతను మార్చువాడు ఆ మార్పుతోబాటే వివరణను గూడ దిద్ది పంపవచ్చును. పరిశీలకులు రెంటిని ఒక్కమారే చూతురు. వేరొకచోట నుంచినచో ప్రోగ్రాము ముందునకు సాగిపోవును, వివరణ పాతబడి నిలిచిపోవును. తప్పుదారి చూపు వివరణకంటె అసలు లేకుండుటయే మేలు.

పైథాన్ భాషా వివరణము కొరకు పుట్టిన స్ఫింక్స్ అను పనిముట్టు 2008లో వెలువడినది. సాదాగా వ్రాసిన పాఠమును అది చక్కని పుటలుగా మార్చును. 2010లో ఏర్పడిన రీడ్ ది డాక్స్ అను సేవ, మూలము మారినప్పుడెల్ల ఆ పుటలను మరల సిద్ధపరచి, కూర్పు కూర్పునకును వేరుగా నిలుపగలదు. ఇది మిక్కిలి యుపకారము. మూడేండ్లనాటి కూర్పును వాడుచున్న బడిపంతులునకు నేటి కూర్పు వివరణ మేమి ప్రయోజనము?

ఎవరైనను దిద్దదగిన వికీలను నేను తక్కువ చేయను. ఆర్చ్ లినక్స్ వారి వికీ ఇతర లినక్సులవారికిని ఉపకరించుచున్నది. అనుభవములను ప్రోగుచేయుటకు అది తగిన చోటు. పైగా సోర్స్ కోడు జోలికి పోవ జంకువాడు గూడ అచ్చట రెండు వాక్యములు చేర్చగలడు. అట్టివానిని పోగొట్టుకొనుట నష్టమే. కాని ప్రామాణిక వివరణమునకు వికీ చాలదు.

ఇక చిరునామా మాట. గూగుల్ సంస్థ 2006లో తెరచిన గూగుల్ కోడ్ అను ఉచిత వసతి 2016లో మూతపడినది. అచ్చటి ప్రాజెక్టులు వేరుచోట్లకు తరలవలసి వచ్చినది. సొంత డొమైను పేరున్నవారికి ఇట్టివేళ చిక్కు తక్కువ. ఇల్లు మారినను పాత చిరునామాయే పాఠకుని క్రొత్త గుమ్మము చేర్చును. ఇల్లు అద్దెది కావచ్చును, చిరునామా మాత్రము మనదై యుండవలెను.

ఇంటర్నెట్ అందని వేళను గూడ తలపవలెను. 1971నాటి యూనిక్స్ మాన్యువల్ సంప్రదాయమును బట్టి నేటికిని 'మ్యాన్' అని టైపుచేసినచో వివరణము మన యంత్రమునుండియే లభించును. డెబియన్ వారు పెక్కు ప్రోగ్రాముల వివరణములను వేరు ప్యాకేజీలుగా గూడ నిచ్చుచున్నారు; ఒకసారి దించుకొన్నవారు కావలసినన్ని నాళ్లు చదువుకొనవచ్చును.